గ్లాస్గో పొగాకు, పెనుకొండ గొలుసు



1802 జూన్ నెలలో పెనుకొండలో నలుగురు గుమాస్తాలు 33 అడుగుల గొలుసు పట్టుకుని చేలు కొలవడం మొదలుపెట్టారు. ఎంత వెతికినా ఆ పని చేతనైనవాళ్లు అప్పటికి దొరికింది ఆ నలుగురే. వాళ్ల కింద కొత్తవాళ్లను చేర్చి, పని నేర్పించుకుంటూ పోతే రెండేళ్లకు వంద మంది తయారయ్యారు. పని పురమాయించిన దొర పేరు థామస్ మన్రో. మన్రోలప్ప, మన్రోలయ్య అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న సీమ మనది కాబట్టి ఆయన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు.

ఈ రోజు నేను మాట్లాడాల్సింది 19వ శతాబ్దంలో అమెరికా నడక మార్చిన విధానాల గురించి. దానికి పెనుకొండ ఎందుకయ్యా అంటారేమో. మన్రో పెనుకొండ దాకా రావడానికి కారణమే అమెరికా. మొదట ఆ సంగతి చెప్పి, అక్కడినుంచి ముందుకు పోతాను.

మన్రో 1761లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. ఆ రోజుల్లో గ్లాస్గో బతికిందే పొగాకు మీద. అమెరికాలోని వర్జీనియా నుంచి ఓడల్లో పొగాకు దిగేది, అక్కడినుంచి యూరప్ అంతటికీ పోయేది. మన్రో తండ్రి అలెగ్జాండర్ మన్రోది కూడా వర్జీనియా వ్యాపారమే. వర్జీనియాతో సహా 13 వలసలు బ్రిటన్ మీద తిరగబడి 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకునేసరికి ఆ వ్యాపారం కుప్పకూలింది, మన్రో కుటుంబం దివాలా తీసింది. థామస్ బాగా చదువుకున్న కుర్రాడు, లెక్కల్లో దిట్ట. ఇంటి దగ్గర దారి లేక ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసు రేవులో దిగాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు కూడా నిండలేదు. అమెరికావాళ్లు తిరగబడకుండా ఉంటే ఆయన గ్లాస్గోలో పొగాకు లెక్కలు రాసుకుంటూ ఉండేవాడేమో.

ఇలా అమెరికాలో దెబ్బతిని ఇటు వచ్చినవాడు మన్రో ఒక్కడే కాదు. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ దగ్గర జార్జి వాషింగ్టన్ సేనలకు లొంగిపోయిన బ్రిటిష్ సేనాపతి లార్డ్ కారన్‌వాలిస్. ఐదేళ్లు తిరిగేసరికి ఆయనే కలకత్తాలో గవర్నర్ జనరల్. 1792లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పుసుల్తాన్ మెడలు వంచి, సగం రాజ్యం రాయించుకున్నదీ ఆయనే. ఆ పంపకంలో కొంత, 1799లో టిప్పు చనిపోయాక ఇంకొంత, కంపెనీతో చేయి కలిపిన హైదరాబాదు నిజాముకు ముట్టింది. మన ప్రాంతం అలా మైసూరు చేతిలోంచి హైదరాబాదు చేతిలోకి పోయింది. అక్కడ ఎన్నాళ్లో ఉండలేదు. తన దగ్గర ఉంచిన ఇంగ్లీషు పటాలాల ఖర్చు కింద నిజాం 1800 అక్టోబరు 12న ఒప్పందం రాసి, బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలన్నిటినీ కంపెనీకి ధారపోశాడు.

అదే నెలలో ఇంకో చోట ఇంకో దానం జరిగింది. 1800 అక్టోబరు 1న స్పెయిన్ రాజు ఒక రహస్య ఒప్పందం కింద అమెరికా నడిబొడ్డున ఉన్న లూసియానా ప్రాంతాన్ని ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చేశాడు. పుచ్చుకున్నవాడు నెపోలియన్. మూడేళ్లు తిరక్కుండానే, 1803 ఏప్రిల్‌లో, యుద్ధాలకు డబ్బు కావాలి గనుక దాన్ని కోటీ యాభై లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మేశాడు. సుమారు 8 లక్షల 28 వేల చదరపు మైళ్ల నేల. ఒక్క సంతకంతో అమెరికా విస్తీర్ణం రెట్టింపైంది. అమెరికా 19వ శతాబ్దం మలుపుల్లో మొదటిది ఇదే అంటారు చరిత్రకారులు.

పదకొండు రోజుల తేడాతో జరిగిన ఈ రెండు ఒప్పందాల వెనకా ఫ్రాన్సే ఉంది. హైదరాబాదు కొలువులో ఉన్న ఫ్రెంచి దొరల బెంగతోనే కంపెనీ నిజాం నెత్తిన పటాలాలను రుద్దింది, ఆ పటాలాల ఖర్చుకే మన నేల పోయింది. అక్కడ మిసిసిపీ ఒడ్డున బతుకుతున్నవాళ్లను ఎవరూ అడగలేదు. ఇక్కడ చిత్రావతి ఒడ్డున, పెన్న ఒడ్డున దున్నుకుంటున్నవాళ్లను మాత్రం ఎవరు అడిగారు?

నేల చేతికొచ్చాక ఇద్దరికీ ఒకటే అవసరం పడింది. ఎంత ఉందో తెలియాలి. తెలియాలంటే కొలవాలి.

అమెరికాలో ఆ పని 1785లోనే మొదలైంది. ఆ ఏడాది చేసిన భూమి చట్టం వెనక, అమెరికా స్వాతంత్ర్య నాయకుల్లో ఒకడైన థామస్ జెఫర్సన్ ఆలోచన ఉంది. కొండ, వాగు, ఊరు, శ్మశానం దేన్నీ లెక్కచేయకుండా దేశాన్నంతా చదరపు గళ్లుగా గీయమంది ఆ చట్టం. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న గడి ఒక టౌన్‌షిప్. దానిలో 36 భాగాలు, ఒక్కో భాగం 640 ఎకరాలు. కొలిచింది 66 అడుగుల గొలుసుతో. ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ అనే గణితజ్ఞుడు 1620లో తయారుచేసిన గొలుసు అది. ఆ గొలుసు పొడవూ వెడల్పూ పెట్టి గీసిన చదరాలు పది కలిపితే ఎకరం. ఇవాళ విమానంలో అమెరికా మధ్య రాష్ట్రాల మీదుగా పోయేవాళ్లకు కిందంతా చదరంగపు బల్ల పరిచినట్టు కనిపించేది ఈ చట్టం పుణ్యమే.

మన్రో గొలుసు 33 అడుగులు, అంటే గుంటర్ గొలుసులో సరిగ్గా సగం. 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు అయితే 1,089 చదరపు అడుగులు, మన గజాల్లో 121. అలాంటివి నలభై పెడితే 43,560 చదరపు అడుగులు, ఒక ఎకరం. హిందూపురం నుంచి సరిహద్దు దాటి కర్ణాటకలోని గౌరిబిదనూరు సంతకు పోయేవాళ్లకు ఈ లెక్క నోటికి వస్తుంది, అక్కడ ఇప్పటికీ నేల బేరం ఎకరాల్లో, గుంటల్లోనే కదా. మనవైపు సెంట్లు వచ్చాయి గానీ ఎకరం మారలేదు.

కొలిచే తీరు మాత్రం అమెరికాకూ మనకూ పూర్తిగా వేరు. అక్కడ ముందు గడి గీసి తరవాత మనిషిని తెచ్చి అందులో పెట్టారు. ఇక్కడ మనిషి, చేను, గెనెం, బావి అన్నీ ఎప్పటినుంచో ఉన్నాయి. ఉన్న గెనాల వెంబడే గొలుసు పోయింది. ఎంత వంకర చేనైనా వంకరగానే రిజిస్టరులోకి ఎక్కింది. ఏ చేను ఎవరిది, మెట్టా మాగాణీ తోటా, ఎర్రనేలా రేగడా, నీళ్లు చెరువువా కపిల బావివా, అన్నీ రాసుకున్నారు. కొలతగాళ్ల వెనకే తరగతులు కట్టేవాళ్లు వచ్చారు. ఊరి పెద్దరెడ్డిని, కరణాన్ని, నలుగురు రైతుల్ని పక్కన పెట్టుకుని ఈ చేను మేలు రకం, ఇది నాసి రకం అని తేల్చారు. ఆ మీదట తాలూకాలోని రెడ్లను, కరణాలను ఒకచోట కూర్చోబెట్టి ఊరూరి లెక్కా అందరి ముందూ విప్పారు. మా ఊరి నేల మంచిదని ఒప్పుకునే రెడ్డి ఉండడు, పక్క ఊరి నేల చెడ్డదని ఒప్పుకునే రెడ్డీ ఉండడు. ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టుకుంటుంటే మన్రో గుడారంలో కూర్చుని రాసుకున్నాడు. గుడారం అని ఊరికే అనడం లేదు. అనంతపురంలో మకాం అని పేరే గానీ ఏడేళ్లలో ఎక్కువ కాలం ఆయన డేరాల్లోనే తిరిగాడు.

అమెరికాలో కొలిచింది అమ్మడానికి. ఎకరం ఇంత అని ధర కట్టి, వచ్చిన డబ్బుతో యుద్ధపు అప్పులు తీర్చుకోవాలని వాళ్ల లెక్క. ఇక్కడ కొలిచింది ఏటా శిస్తు వసూలు చేయడానికి. జెఫర్సన్‌కూ మన్రోకూ ఒక నమ్మకం మాత్రం ఉమ్మడిగా ఉంది. పెద్ద దొరల కింద కూలీలుగా బతికే దేశం కంటే, తన చేను తాను దున్నుకునే చిన్న రైతుల దేశం మేలని ఇద్దరూ అనుకున్నారు. కారన్‌వాలిస్ 1793లో బెంగాలులో జమీందార్లకు ఊళ్లు రాసిచ్చిన పద్ధతి ఇక్కడ పనికిరాదని మన్రో కడదాకా వాదించాడు. అలెగ్జాండర్ రీడ్ అనే దొర కింద సేలం, కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాల్లో ఏడేళ్లు పనిచేసి నేర్చిన విద్య అది. నడుమ జమీందారు లేకుండా నేరుగా రైతుతోనే శిస్తు తేల్చుకునే, రైత్వారీ అని మనం అంటున్న పద్ధతికి మొదటి ముగ్గు వేసింది రీడ్. పేరు మన్రోకు వచ్చింది.

చిన్న రైతు మాట అలా ఉంచి, గొలుసుకు అడ్డొచ్చినవాళ్ల సంగతి చూద్దాం. ఇక్కడ అడ్డం పాళెగాళ్లు. దత్తమండలాల్లో, అంటే నిజాం ధారపోసిన ఆ ప్రాంతాల్లో, ఎనభై మంది దాకా ఉన్నారని మన్రో లెక్క వేశాడు. విజయనగరం కూలిన తరవాత ఎవరి కోట వాళ్లది, ఎవరి సేన వాళ్లది అయింది. అనంతపురంలో హండె వంశం, రాయదుర్గంలో ఇంకొకరు, ఇలా కొండకొకరు. మన్రో వాళ్ల మీద మోయలేనంత శిస్తు వేశాడు. కట్టలేక తిరగబడినవాళ్ల మీదికి జనరల్ క్యాంబెల్ పటాలాలతో పోయాడు. కోటలు కూల్చారు, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టారు. ఇది దగాకోరు పద్ధతని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పు పట్టారు, మన్రో మాత్రం తాను చేసింది సరైనదేనని జవాబు రాశాడు. ఆ పింఛన్ల గొడవ చాలాకాలం తెగలేదు. 1846లో కోయిలకుంట్ల మీద పడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అలాంటి పింఛను ఇంటివాడే.

పాళెగాళ్ల మీద నాకు పెద్ద జాలి లేదు, వాళ్ల కింద రైతు సుఖపడ్డాడనీ చెప్పలేను. పాళెగాడు పోయినా రైతు చేను రైతు దగ్గరే ఉంది. అమెరికాలో ఆ మాట అనడానికి లేదు. అక్కడ గొలుసుకు అడ్డొచ్చింది పదుల జాతుల ప్రజలు. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ 1830లో తరలింపు చట్టం తెచ్చి, మిసిసిపీ నదికి తూర్పున ఉన్న స్థానిక జాతులన్నీ పడమటికి పోవాలన్నాడు. వాళ్లలో చెరోకీలు ఉన్నారు. సెకోయా అనే చెరోకీ తమ భాషకు లిపి తయారుచేశాడు. 1827లో వాళ్లు రాజ్యాంగం రాసుకున్నారు, మరుసటి ఏడు సొంత పత్రిక నడిపారు. 1832లో అమెరికా సుప్రీంకోర్టు చెరోకీల పక్షాన తీర్పు కూడా ఇచ్చింది. అదే ఏడు జార్జియా రాష్ట్రం వాళ్ల నేలను 160 ఎకరాల ముక్కలుగా, బంగారం దొరికే చోట 40 ఎకరాల ముక్కలుగా కొలిపించి తన పౌరులకు లాటరీ తీసింది. అప్పటికి ఆ ఇళ్లలో చెరోకీలు కాపురముంటూనే ఉన్నారు. చివరికి 1838–39లో సైన్యం వాళ్లను పెళ్లగించి పడమటికి నడిపిస్తే దారిలో నాలుగు వేల మంది దాకా చనిపోయారని లెక్క. ఆ ఖాళీ చేసిన నేలల్లో చాలాచోట్ల వేసిన పంట పత్తి. దాన్ని పండించిందీ ఏరిందీ బానిసలు. ఆ పత్తి దగ్గరికి మళ్లీ వస్తాను, అది బళ్లారి దాకా వచ్చింది.

ముందు మన్రో శిస్తు సంగతి. ఏడేళ్లలో ఆయన దత్తమండలాల రాబడిని ఇంచుమించు ఒకటిన్నర రెట్లు చేశాడు. కంపెనీకి పండగ. మన్రో సర్వే రేట్ల ప్రకారం పంటలో నూటికి 45 వంతులు సర్కారుకే పోతాయి. వానలు పడితేనే రాగీ కొర్రా చేతికొచ్చే ఎర్రనేలల్లో, పంటలో సగం దాకా ఇచ్చిన రైతుకు ఎద్దు చచ్చిపోతే ఇంకో ఎద్దు కొనే తాహతు ఎక్కడిది? మాగాణి సంగతి మరీ కష్టం. శిస్తు ఎక్కువ, నీళ్లు మాత్రం చెరువు దయ. ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు లాంటి పెద్ద చెరువులు నిండితే మడి నవ్వుతుంది, లేకపోతే బీడే. ఈ సీమలో కొత్త చెరువులు కట్టాలనుకోవడం వృథా, కట్టదగ్గ చోటునల్లా ఇక్కడివాళ్లు ఎప్పుడో కట్టేశారని మన్రోయే రాశాడు.

సీమ మన్రోకు ఎంతైనా రుణపడి ఉందంటే సర్వే చేసినందుకు కాదని నా అభిప్రాయం. తాను వేసిన శిస్తు తానే ఎక్కువన్నందుకు. 1807లో సీమ విడిచి పోబోతూ ఆయన పై అధికారులకు రాసిన నివేదికలో, రైతు బతకాలంటే సర్కారు వాటా పంటలో మూడో వంతు మించకూడదన్నాడు. అన్ని భూముల మీదా శిస్తులో నూటికి 25 తగ్గించమని, కపిల తోలి బావుల కింద పండించుకునేవాళ్లకు ఇంకో ఎనిమిది తగ్గించమని కోరాడు. రెవెన్యూ బోర్డు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోగా రైత్వారీనే పక్కన పెట్టి ఊళ్లకు ఊళ్లు మూడేళ్లకు, తరవాత పదేళ్లకు గుత్తకిచ్చింది. ఆ గుత్తల్లో రైతులూ మునిగారు, గుత్తదార్లూ మునిగారు. చివరికి మన్రోయే 1820లో మద్రాసు గవర్నరై వచ్చాక రైత్వారీ నిలబడింది, ఆ 25 వంతుల తగ్గింపూ అమలైంది. పదమూడేళ్లు పట్టింది. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు, గుత్తిలో సమాధి చేశారు, తరవాత అస్థికలను మద్రాసు కోటకు తీసుకుపోయారు. పాపఘ్ని గండిలో ఆయనకు బంగారు తోరణం కనిపించిందన్న కథ మీరంతా వినే ఉంటారు.

తగ్గించిన తరవాత కూడా శిస్తు చేదే. 1855లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఒక కమిషన్, శిస్తు కట్టనివాళ్లను హింసించే ఆచారం మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఉందని బయటపెట్టింది. వేళ్లను కిట్టి మధ్య పెట్టి నొక్కడం, మనిషిని వంచి మెడను కాళ్లకు కట్టి ఎండలో నిలబెట్టడం లాంటివి. ఆ పని చేసింది ఇంగ్లీషు దొరలు కాదు, వాళ్ల కింది కచేరీ బంట్రోతులు, మనవాళ్లే. శిస్తు వసూలు చేసేవాడి చేతిలోనే పోలీసు అధికారం కూడా ఉండటం వల్ల వచ్చిన తెగులని తేలాక, 1859 చట్టంతో పోలీసు శాఖను విడగొట్టారు. పాళెగాళ్ల కథలు చెప్పుకున్నంతగా ఈ కిట్టి కథ మనం చెప్పుకోం.

ఇక పత్తి. 1861లో అమెరికాలో ఉత్తరానికీ దక్షిణానికీ యుద్ధం మొదలైంది. బానిసత్వం ఉండాలా పోవాలా అన్నదే అసలు తగువు. ఇంగ్లండు మిల్లులకు వచ్చే పత్తిలో నాలుగింట మూడొంతులకు పైగా దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చేది. ఉత్తరం వైపు అధ్యక్షుడు లింకన్ నౌకలు దక్షిణపు రేవులను మూసేసరికి లాంకషైర్ మిల్లులు ఆగిపోయాయి, దొరల చూపు ఇటు తిరిగింది. అమెరికా పత్తి గింజలు, అమెరికా తోటల దొరలు అంతకు ఇరవై ఏళ్ల ముందే మన దేశానికి వచ్చి ఉన్నారు, ధార్వాడలో ఆ రకం నాటుకుంది కూడా. యుద్ధం నాలుగేళ్లూ బళ్లారి రేగడి నేలల్లో పత్తికి కనీవినీ ఎరుగని ధర పలికింది. హిందూపురం, పెనుకొండ ఎర్రనేలలకు అందులో పెద్ద వాటా రాలేదు. పత్తి ధర పెరిగితే నూలు ధర పెరుగుతుంది, మగ్గం మీద బతికేవాడికి అది లాభం కాదు, దెబ్బ. 1865 ఏప్రిల్‌లో యుద్ధం ముగిసింది, ధర అంతే వేగంగా దిగింది. బొంబాయిలో షేర్లు కొన్న సేట్లు దివాలా తీసిన కథ పుస్తకాల్లో ఉంది. ధర చూసి అప్పు చేసి చేను కొన్న రైతు కథ ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ యుద్ధం నడుస్తుండగానే లింకన్ రెండు పెద్ద పనులు చేశాడు. 1862 మేలో హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం పెట్టాడు. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన వ్యక్తి, లేదా ఇంటి పెద్ద, కొద్ది రుసుము కట్టి 160 ఎకరాల సర్కారు నేల తీసుకుని, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే అది వాళ్లదే. ఆ చట్టం 1863 జనవరి 1న అమలుకు వచ్చింది. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకు విముక్తి ప్రకటించింది కూడా ఆ రోజే. నేల ఇచ్చే చట్టం, మనిషికి స్వేచ్ఛ ఇచ్చే ప్రకటన ఒకే రోజున మొదలయ్యాయి. రెండూ కలిస్తే ఎంత బాగుండేది! కలవలేదు. 1865 జనవరిలో ఉత్తరపు జనరల్ షెర్మన్ సముద్రతీరంలో స్వాధీనం చేసుకున్న నేలలో విముక్తి పొందిన కుటుంబాలకు తలా 40 ఎకరాల దాకా ఇమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. లింకన్ హత్య తరవాత గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ ఆ ఏడే నేలలో ఎక్కువ భాగం పాత దొరలకు తిరిగి ఇప్పించాడు. స్వేచ్ఛ వచ్చింది, చేను రాలేదు. మనిషి మళ్లీ పాత దొర చేలోనే పాలికాపు అయ్యాడు. హోమ్‌స్టెడ్ కింద కాలక్రమంలో సుమారు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు పోయాయి. నల్లవాళ్లకు దక్కింది అందులో చిటికెడు.

మన రైత్వారీ పట్టాల్లోనూ ఇదే ఖాళీ ఉంది. మన్రో గుమాస్తాలు చేనెక్కినప్పుడు ఆ చేను ఎవరిదని అడిగారు, ఎవరు దున్నుతున్నారని అడగలేదు. రెడ్డి చెప్పిన పేరు కరణం రాశాడు. ఊరి బయట ఉన్న మాల మాదిగ పేటల పేర్లు పట్టాల్లోకి ఎక్కింది బహు తక్కువ. చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమన్‌హీర్ ఈ సంగతి మీద గట్టిగా రాశాక, 1892లో మద్రాసు ప్రభుత్వం వాళ్ల కోసమని బంజరు నేలలు విడిగా ఉంచే పద్ధతి తెచ్చింది. అమ్ముకోడానికి వీల్లేని ఆ భూములు తరవాత ఎన్ని చేతులు మారాయో ఏ తాలూకా కచేరీకి పోయినా చెబుతారు.

పట్టా ఇస్తే అంతా మేలే అనుకోవడానికి కూడా లేదని చెప్పే ఉదాహరణ అమెరికాలోనే ఉంది. 1887లో డాస్ చట్టం వచ్చింది. స్థానిక జాతుల ఉమ్మడి నేలను ముక్కలు చేసి ఇంటి పెద్దకు 160 ఎకరాలు రాసిచ్చి, మిగిలింది తెల్లవాళ్లకు తెరిచారు. వాళ్లను రైతులుగా మార్చి బాగుచేస్తున్నామని చెప్పారు. 1887లో వాళ్లకు 13 కోట్ల 80 లక్షల ఎకరాలు ఉంటే 1934కు 4 కోట్ల 80 లక్షలు మిగిలాయి. ఇక్కడ గొలుసు రైతును చేలో నిలబెట్టింది. అక్కడ అదే గొలుసు నేలను కాజేయడానికి పనికొచ్చింది. గొలుసు మంచిదా చెడ్డదా అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. కొలిచిన తరవాత రాసే పేరు ఎవరిదో చూడమంటాను.

ఈ పట్టా రైతును అన్నిటికంటే గట్టిగా పరీక్షించింది ధాత కరువు. 1876లో వానలు ఎగ్గొట్టాయి, 1878 దాకా ఊపిరాడలేదు. ఎల్నినో అని ఇప్పుడు మనం అంటున్న వాతావరణమే అప్పుడు చైనా నుంచి బ్రెజిల్ దాకా పంటలు ఎండబెట్టింది. మన దగ్గర కరువు పనులకు పోయినవాళ్ల కూలిని ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ దొర రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లరకు దించాడు. రోడ్డుకు కంకర కొట్టేవాడికి రోజంతా తినడానికి అర్ధసేరు కూడా లేదన్నమాట. ఈ తిండితో మనిషి బతకడని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడి, కొంత పెంచేలా చేశాడు. 1871 జనాభా లెక్కలతో 1881 లెక్కలను పోల్చితే ఇప్పటి మన ప్రాంతంలో ఐదో వంతు జనం దాకా తగ్గిపోయారు. బళ్లారి జిల్లా నుంచి 1882లో అనంతపురం జిల్లాను విడదీసేనాటికి కరువు మచ్చలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

రైలు అప్పటికి గుత్తి మీదుగా పోయేది. పెనుకొండకూ హిందూపురానికీ లేదు. స్టేషన్లో దిగిన ధాన్యం అక్కడినుంచి బండ్ల మీద పోవాలి, బండి లాగే ఎద్దుకు మేత లేదు. కరువును ఎదుర్కోవాలంటే రైలు మార్గాలు కావాలని 1880 కరువు కమిషన్ సిఫార్సు చేసింది. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దు దాకా మీటర్‌గేజి లైను 1892–93లో తెరుచుకుంది, సదరన్ మరాఠా కంపెనీ నడిపింది. అమెరికాలో 1869 మేలో రెండు సముద్రాలను కలిపిన రైలుకు సర్కారు దారి పొడవునా నేలలు దానం చేసింది. ఆ కంపెనీలు వాటిని అమ్ముకుని సొమ్ము చేసుకున్నాయి. మనకు అంత సంబరం లేదు. హిందూపురం సంతలో బెల్లానికీ చింతపండుకూ దూరపు గిరాకీ దొరకడం, ధర్మవరం రైళ్లు కలిసే చోటు కావడం, అక్కడి పట్టుచీరకు బెంగళూరు దగ్గర కావడం, ఇవన్నీ ఆ లైను తెచ్చిన మార్పులే.

మన్రో పెట్టిన కాగితాలు 19వ శతాబ్దంతో పోలేదు. సర్వే నంబరు, పట్టా, జమాబంది, అడంగల్ 20వ శతాబ్దమంతా నడిచాయి. వాటిని చేతిలో పెట్టుకున్న కరణం, మునసబు పదవులు తండ్రి నుంచి కొడుక్కి దిగుతూ వచ్చాయి. 1984 జనవరి 6న ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఆ పదవులన్నిటినీ రద్దు చేసింది. మరుసటి ఏడు ఎన్నికల్లో ఆయన మన హిందూపురం నుంచే గెలిచాడు, ఆ తరవాత ఇంకో రెండు సార్లు కూడా. కరణాలు పోయినందుకే గెలిపించారని నేను అనను, సినిమాల సంగతి మరిచిపోతే ఎలా? ఇప్పుడు రీసర్వే నడుస్తోంది, గొలుసు బదులు డ్రోన్లు ఎగురుతున్నాయి. చాలా ఊళ్లలో పాత విస్తీర్ణానికీ కొత్త విస్తీర్ణానికీ తేడా వచ్చిందని గొడవ. ఇంట్లో తాతల నాటి పట్టా కాగితాలు ఉన్నవాళ్లు వాటిని పారేయకుండా, కొత్త పాస్‌పుస్తకంలో ఉన్న సెంట్లతో ఒకసారి సరిచూసుకోండి. తేడా ఉంటే గడువులోగా తహసీల్దారుకు అర్జీ పెట్టుకోవచ్చు.